సోమవారం సాయంత్రం అందరం కూర్చుంటున్నాం, కానీ పిల్లలకు కృతజ్ఞత ఎలా నేర్పాలి?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాయనది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోట, అంతా తోతాపురే. 2025లో తోతాపురి గతి ఏమైందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం పైన 4 రూపాయలు అన్నారు. టోకెన్ చేతిలో పట్టుకుని ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడ్డాయి. మా నాయన రెండు రాత్రులు ఆ వరసలోనే ఉన్నాడు. మూడో రోజు కాయ దింపి, ఇంటికి పోయి స్నానం చేసి, ఇరవై మంచి కాయలు ఏరుకుని మధ్యాహ్నం బస్సుకు తిరుపతి వచ్చాడు. యూరియా సంచితో కుట్టించిన చేతిసంచి ఒకటి ఉంటుంది ఆయనకు, రెండు పట్టీలది. అందులో వేసుకుని బస్టాండు నుంచి మోసుకొచ్చాడు.

మావాడికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పరుగెత్తుకుంటూ వచ్చి సంచిలోకి తొంగి చూశాడు. "అన్నీ తోతాపురేనా తాతా? బేనీషా తేలేదా?" అన్నాడు. బేనీషా అంటే బంగినపల్లి. మొహం ముడుచుకుని టీవీ ముందుకు పోయాడు.

నాయన ఏమీ అనలేదు. "ఈసారి తెస్తాలే నాయనా" అని కాయలు నేల మీద పరిచి, సంచి మడుస్తా కూర్చున్నాడు. మడిచేటప్పుడు ఆయన చేతులు చూశాను. వేళ్ల సందుల్లో సొన పడి నల్లటి మచ్చలు. కుడి మణికట్టు దగ్గర కాలి, తోలు లేచి ఉంది. చిక్కం కర్ర, అంటే చివర వల కట్టిన పొడుగు కర్ర, పట్టుకుని పైకి చూస్తూ కాయ కోస్తే సొన కారేది అక్కడికే. నాకు కడుపులో దేవినట్టయింది.

ఆ రాత్రి వాణ్ణి గట్టిగా తిట్టాను. "నేనేమన్నానమ్మా, బేనీషా ఉందా అని అడిగాను అంతే కదా" అని ఏడ్చాడు. నిజమే, వాడికి తాను చేసిన తప్పేమిటో కూడా తెలియదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మా అక్క అమెరికాలో యూటాలో ఉంటుంది. వాళ్ల పక్కింటివాళ్లు ప్రతి సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుంటారట. ఒక పాట, ఒక ప్రార్థన, ఒక మంచి మాట, ఏదైనా ఆట, చివర్లో తినడానికి ఏదో ఒకటి. ఎంత పని ఉన్నా ఆ పూట వేరే ఏదీ పెట్టుకోరని చెప్పింది. నాకు బాగా నచ్చింది. మా పద్ధతిలో మేమూ మొదలుపెట్టాం. ఏడున్నరకు దీపం పెట్టి, ఒక పద్యం చదివి, ఒక్కొక్కరు మూడు విషయాలకు కృతజ్ఞత చెప్పాలి.

ఐదు వారాలయింది. మొదటి వారం బాగా చెప్పారు. ఇప్పుడు మావాడు ఒక్క ఊపిరిలో "అమ్మకు థాంక్స్, నాన్నకు థాంక్స్, దేవుడికి థాంక్స్, ఇక లేవచ్చా?" అంటున్నాడు. ఆరేళ్ల పాప వాళ్లన్న చెప్పిందే చెబుతుంది. ఇంకోటి కూడా ఉంది. పిల్లలు చూస్తారు కదా అని మా ఆయన ఒకరోజు కాఫీ ఇచ్చిన మా అత్తకు థాంక్స్ చెప్పాడు. ఆమె నొచ్చుకుంది. "ఏంట్రా, నేనేమన్నా పరాయిదాన్నా?" అంది. మన ఇళ్లల్లో ఈ మాట దగ్గరివాళ్లకు చెబితే దూరం పెట్టినట్టు ఉంటుంది. మరి ఆ మాట లేకుండా పిల్లలకు నేర్పేది ఎలా?

మీ ఇళ్లల్లో ఏం చేస్తారో చెప్పండి. ఇది ఆపేయాలా, మార్చాలా?

జవాబు 1: పుత్తూరు వాడిని, ఇప్పుడు హైదరాబాదులో

అక్కా, మీ అక్కవాళ్ల పక్కింటివాళ్లు బహుశా మా సంఘం వాళ్లే అయ్యుంటారు. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. యూటాలో మావాళ్లు ఎక్కువ. ఈ పద్ధతి ఊరికే అలవాటుగా వచ్చింది కాదు. 1915లో సంఘం పెద్దలు, సాయంత్రం పూట తల్లిదండ్రులు పిల్లలతో ఇంట్లో గడపడానికి సమయం కేటాయించాలని ఉత్తరం రాశారు. తర్వాత 1970లో సోమవారం అని ఖాయం చేశారు. ఆ సాయంత్రం సంఘంలో మీటింగులు పెట్టరు, ఇంటికి అడ్డం రాకూడదని.

మా ఇంట్లో ఏడేళ్లుగా చేస్తున్నాం. నేను చూసినంతలో ఒకటే చెబుతాను. మీరు నడిపితే అది క్లాసు అయిపోతుంది. పిల్లలకే అప్పజెప్పండి. మా గోడకు ఒక చెక్క పలక ఉంది. ప్రార్థన, పాట, పాఠం, ఆట, తిండి అని ఐదు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో పేరు. వారం వారం పేర్లు మారతాయి. ఐదేళ్ల పిల్లకు తిండి వంతు వస్తే అరటిపండు తొక్క తీసి ముక్కలు కోసి అందరికీ పెడుతుంది. మీద పడేసుకుంటుంది, అయినా మేం ముట్టుకోం. తాను పెట్టింది ఎదుటివాళ్లు తింటుంటే దాని మొహం చూడాలి. వచ్చే వారం ఇంకొకరు తనకు పెట్టినప్పుడు ఎంత పని పడిందో దానికి తెలుసు.

అరగంట మించనీయకండి. ఆ రోజు మార్కుల సంగతి, అల్లరి సంగతి ఎత్తకండి. మేం ఒకసారి ఎత్తాం, తర్వాత రెండు వారాలు పిల్లలు దగ్గరికి రావడానికే భయపడ్డారు.

జవాబు 2: రిటైర్డ్ టీచర్, మిట్టూరు, చిత్తూరు

అమ్మా, మీ నాయన సంచి మడిచిన సంగతి చదివి కాసేపు ఏమీ తోచలేదు. నేను రైతు బిడ్డనే, ఆ చేతులు నాకు తెలుసు.

కృతజ్ఞత అనే మాటను విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసింది తెలిసినవాడు కృతజ్ఞుడు. మాటలోనే ఉంది చూడండి, అందులో చెప్పడం లేదు, తెలియడం ఉంది. మీరు పిల్లల చేత చెప్పిస్తున్నారు, వాళ్లకు ఇంకా తెలియలేదు. తెలియనిది చెప్పమంటే ఎక్కం అప్పజెప్పినట్టే చెబుతారు.

ముప్పై ఏళ్లు పల్లె బడుల్లో చెప్పాను. శనివారం చివరి పీరియడ్‌లో ఒక పని చేసేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం తిన్న దానిలోంచి ఒకటి తీసుకుని, ఇది మన పళ్లెంలోకి ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో వెనక్కి పోదాం అనేదాన్ని. ఒక శనివారం అన్నం తీసుకున్నాం. వండిన అవ్వ దగ్గర మొదలుపెట్టారు. కట్టెలు, నీళ్లు, ఎసరు. బియ్యం ఎక్కడిది అన్నాను. స్టోరుది అన్నారు. స్టోరుకు ఎలా వచ్చింది? లారీలో. లారీలోంచి ఎవరు దించారు? ఎవరూ పలకలేదు. చివరి వరసలో కూర్చునే ఒక పిల్లవాడు, ఏడాదంతా నోరు తెరవనివాడు, లేచి నిలబడి "మేడమ్, మూటలు మా నాయన దించినాడు" అన్నాడు. క్లాసంతా వెనక్కి తిరిగి వాణ్ణి చూసింది. మరుసటి సోమవారం వాడు ముందు వరసలో కూర్చున్నాడు.

మీ సోమవారాలకు కూడా ఇదే చేయండి. మూడు విషయాలు వద్దు, ఒక్కటి చాలు. ఆ పూట ఇంట్లో ఉన్న ఒక వస్తువు. పాలు, చీపురు, యూనిఫాం గుండీ, ఏదైనా. ఎవరు చేశారు, ఎప్పుడు లేచారు, ఎక్కడ నొప్పి పుట్టింది. ఆ పని చేసిన మనిషి చెప్పగలిగితే ఆ మనిషి చేతనే చెప్పించండి.

మన జిల్లాలో కనుమకు చేసేది గుర్తు తెచ్చుకోండి. పశువుల పండగనాడు ఎద్దుకు ఎవరూ థాంక్స్ చెప్పరు. చెరువుకు తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములకు రంగు వేస్తారు. పొంగలి ముందు దానికి పెట్టి తర్వాత మనం తింటాం. అవ్వా తాతలకు సాయం చేస్తే వాళ్లూ ఆ మాట అనరు. "నీ కడుపు చల్లగుండ" అంటారు. మన దగ్గర ఈ పని చేతితోనో దీవెనతోనో నడుస్తుంది. మీ అత్తగారు నొచ్చుకోవడం సహజం. ఆమె కాఫీ గ్లాసు మీ ఆయన తానే కడిగి పెడితే ఆమె నొచ్చుకోదు.

చివరగా ఒకటి. మీవాడు బడి గేటు దగ్గర ఉప్పూ కారం చల్లిన మామిడికాయ ముక్కలు కొనుక్కుంటాడా? అవి ఏ కాయవో అడిగి చూడండి. మన వైపు ఆ ముక్కలు చాలావరకు తోతాపురే.

జవాబు 3: ఎం.ఆర్.పల్లె, తిరుపతి

అందరూ మంచి మాటలే చెప్పారు. నేను మాత్రం కొంచెం అడ్డం చెబుతాను, ఏమీ అనుకోకండి.

పిల్లవాడు తప్పేమీ మాట్లాడలేదు. తొమ్మిదేళ్లవాడు తనకు ఇష్టమైన పండు అడిగాడు. తాత దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర అడుగుతాడు?

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా నాన్న రోజూ అన్నం దగ్గర కూర్చోబెట్టి చెప్పేవాడు. నీ ఫీజుకు ఇంత అప్పు తెచ్చాను, నీ చొక్కాకు ఇంత పెట్టాను, నేను నీ వయసులో చెప్పుల్లేకుండా నడిచాను అని. ఆయన చెప్పింది అంతా నిజమే, కష్టపడ్డాడు. కానీ నాకు ఆ ముద్ద గొంతు దిగేది కాదు. ఇంటర్‌కు వచ్చేసరికి ఆయన లేనప్పుడు తినడం అలవాటు చేసుకున్నాను. ఉద్యోగం వచ్చాక మొదటి నెల నుంచి డబ్బు పంపాను, అప్పు తీరుస్తున్నట్టు పంపాను. ప్రేమతో పంపానని చెప్పలేను. ఆయన పోయాక ఈ మాట నన్ను చాలా తినేసింది.

కృతజ్ఞత వేరు, ఋణం వేరు. పద్దు రాసినట్టు చెబితే పిల్లలకు ఋణమే మిగులుతుంది. అందుకే అక్కా, మీ నాయన కష్టం మీరు చెప్పకండి. మీరు చెబితే అందులో "నువ్వు అలా అన్నావు కదా" అనేది దాక్కుని ఉంటుంది, పిల్లలు అది ఇట్టే పట్టేస్తారు. టీచరమ్మ అన్నట్టు తాత చేతనే చెప్పించండి. తాత చెబితే అది కథ అవుతుంది.

జవాబు 4: చంద్రగిరి

మా ఇంట్లో ప్రత్యేకంగా ఒక రోజంటూ లేదు. పిల్లల్ని తిరుమల తీసుకుపోయినప్పుడల్లా వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తినిపించి తీసుకొస్తాం. మన తరిగొండ వెంగమాంబ పేరు మీద ఉన్నదే. నిత్యాన్నదానం 1985లో మొదలైంది. పోయినసారి మా పాప, వడ్డించే సేవకులను చూసి "వీళ్లకు జీతం ఎంత?" అంది. లేదమ్మా, ఊళ్ల నుంచి సొంత ఖర్చులతో సేవకు వచ్చారు అన్నాను. వడ్డించే ఆవిడ పక్కకు వచ్చినప్పుడు పాప తనంతట తానే "మీరు తిన్నారా?" అని అడిగింది. ఆవిడ "తింటానమ్మా, మీరు తినండి" అని ఇంకో గరిటె సాంబారు వేసింది. నేను ఇంతకంటే ఏమీ నేర్పలేదు.

ప్రశ్న అడిగినవారు, ఏడు వారాల తర్వాత

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను. ఏం జరిగిందో చెప్పి తీరాలనిపించింది.

ముందు పలక సంగతి. పలక దొరకలేదు, పాత క్యాలెండరు అట్ట వెనక గడులు గీశాం. మా అత్త పేరు కూడా రాశాం. ఆమె వంతు వచ్చిన వారం పాట కింద అన్నమయ్య కీర్తన పాడింది. పెళ్లయి పదకొండేళ్లయినా ఆమె పాడగా నేను వినలేదు. మా ఆయన ఫోన్లు ఫ్రిజ్ మీద పెట్టాలన్నాడు, తనది కూడా పెట్టాడు.

రెండో సోమవారం వస్తువు మామిడికాయ. సీజను అయిపోతోంది, మార్కెట్లో వెతికి ఒక పచ్చి తోతాపురి తెచ్చాను. మావాడే కోశాడు, ఉప్పూ కారం వాడే చల్లాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని "ఇది గేటు దగ్గరిదే కదా!" అన్నాడు. నేనేమీ అనలేదు. ఎం.ఆర్.పల్లె అన్న రాసింది గుర్తు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. చాలా కష్టమయింది, నిజంగా. "చూశావా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

నాయనకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. తాతా, మామిడికాయ ఎవరెవరి చేతుల మీదుగా పోతుందో చెప్పాలంట అన్నాడు మావాడు. ఆయన మొదట నవ్వి, "ఏముంది నాయనా, కోస్తాం, పంపిస్తాం" అన్నాడు. పిల్లలు వదల్లేదు. అప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు. పూత మీద మంచు పడితే ఏమవుతుంది, తేనెమంచు పురుగుకు మందు ఎప్పుడు కొట్టాలి, చిక్కంతో కోస్తే కాయకు దెబ్బ తగలకుండా ఎలా దించాలి. సొన అంటే ఏంటి తాతా అని పాప అడిగింది. టోకెన్ అంటే ఏంటి అని వీడు అడిగాడు.

"వరస నంబరు నాయనా. మన నంబరు వచ్చేదాకా ఆడే ఉండాల. రెండు రాత్రులు ట్రాక్టర్ కిందనే పండుకుంటి. పక్క ట్రాక్టర్ ఆయన దుప్పటి ఇచ్చినాడు. మంచి మనిషి."

తాను పడిన పాట్లు చెబుతాడనుకుంటే ఆయన దుప్పటి ఇచ్చినవాణ్ణి తలుచుకున్నాడు. ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

మావాడు లెక్కల్లో చురుకు. తాత దించిన మూడు టన్నులు అంటే మూడు వేల కిలోలు, ఎనిమిది పెడితే 24,000 అని వేళ్ల మీద లెక్కేసి, "చాలా వచ్చాయే తాతా" అన్నాడు. "అందులో కోత కూలి, ట్రాక్టర్ బాడుగ, మందులు పోవాల గదా" అన్నాడు నాయన. వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, గేటు దగ్గర ఒక కాయ ముక్కలకు నేను 20 రూపాయలిస్తాను. దానికి తాత రెండున్నర కిలోలు అమ్మాలా?" అన్నాడు. అవును అన్నాను. అంతే, ఇంకేమీ మాట్లాడుకోలేదు. తిండి వంతు పాపది, మరమరాలు పంచింది.

ఆ తర్వాత వారాలు అన్నీ ఇలా లేవు, అది కూడా చెప్పాలి. చీపురు పెట్టిన వారం ఇద్దరూ కొట్టుకున్నారు. ఒక వారం మా ఆయనకు నైట్ డ్యూటీ పడి అసలు కూర్చోలేదు. గుండీ వారం మాత్రం బాగుంది, మా వీధి చివర కుట్టుమిషన్ అక్కను పిలిచాం. ఆమె కళ్లద్దాలు తీసి చూపించింది, అవి లేకుండా సూదిలో దారం ఎక్కించలేనని. మరుసటి రోజు సాయంత్రం పాప ఆమె అంగడికి పోయి నాలుగు సూదులకు దారం ఎక్కించి వచ్చింది. ఇప్పుడు బడి నుంచి రాగానే అదే పని.

మొన్న దసరా సెలవులకు పిల్లల్ని ఊరికి తీసుకుపోవడానికి నాయన వచ్చాడు. బస్టాండుకు నేనూ మావాడూ పోయాం. అదే యూరియా సంచి, ఈసారి చెనక్కాయలు. ఆయన బస్సు దిగుతుండగానే వీడు ఎదురు పోయి సంచి పట్టీ పట్టుకున్నాడు. బరువు నాయనా, నీవల్ల కాదు అన్నాడు ఆయన. వీడు వదల్లేదు. సంచిలోకి చూడలేదు, ఏం తెచ్చావని అడగలేదు. ముందు ఆయన చేయి తిప్పి మణికట్టు చూశాడు. "మానిపోయిందా తాతా?" అన్నాడు. నేను ఆ మచ్చ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు టీవీ ముందు కూర్చునే చూసి ఉంటాడు.

చెరో పట్టీ పట్టుకుని ఇద్దరూ ఆటో స్టాండు దాకా నడిచారు. నాయన తన వైపు కాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు, బరువు వాడి మీద పడకుండా.